టీకా కోసం పరుగుపందెం పెట్టకూడదు

2021లో, కోవిడ్ టీకాలకి కొరత ఉన్న కొన్ని నెలలపాటు, ఎవరు ఫోన్ చేసినా "బాగున్నారా" కన్నా ముందు "స్లాట్ దొరికిందా" అని అడిగేవాళ్లు. నేను మొదట ఇంట్లో పెద్దవాళ్ల కోసం వెతికాను. తర్వాత తెలిసినవాళ్ల కోసం, ఆ తర్వాత వాళ్లకు తెలిసినవాళ్ల కోసం. నాది రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఒక పక్క ఆఫీసు పని చేసుకుంటూ ఇంకో పక్క టీకా సైటు తెరిచి పెట్టుకునేదాన్ని. కొత్త స్లాట్లు ఏ వేళకు పడతాయో, ఏ కేంద్రం వాళ్లు బాగా పొద్దుపోయాక పెడతారో, రద్దయిన అపాయింట్‌మెంట్లు మళ్లీ ఎప్పుడు కనబడతాయో మెల్లగా అలవాటైపోయింది. అందుకే చాలామందికి దొరికించగలిగాను. వాళ్లు సంతోషించారు, నేనూ సంతోషించాను.

కానీ అప్పుడు మొదలైన ఒక ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. నేను పట్టిన ప్రతి స్లాటూ ఇంకెవరికో అందకుండా పోయిన స్లాటే. ఆ రోజు ఆ కేంద్రంలో ఎన్ని డోసులున్నాయో అన్నే. నా చేతివేగం వల్ల ఒక్క డోసు కూడా పెరగలేదు.

టీకా బుకింగ్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే. రోజుకి ఎంతమందికి టీకా పడుతుందన్నది ఎన్ని డోసులు వచ్చాయి, సూది వేసే నర్సులు ఎంతమంది ఉన్నారు, వేయించుకున్నాక కాసేపు కూర్చోబెట్టి చూడడానికి చోటెంత ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. బుకింగ్ సైటు వీటిలో దేన్నీ పెంచలేదు. అది తేల్చేదల్లా ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది. మామూలు రోజుల్లో అది పెద్ద విషయం కాకపోవచ్చు. మహమ్మారి రోజుల్లో, టీకాలు చాలనప్పుడు, అది ఎవరు బతుకుతారన్న ప్రశ్నలో భాగం. అలాంటి నిర్ణయాన్ని "ఎవరు ముందు నొక్కితే వాళ్లకి" అని వదిలేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వరుసలే లేవని కాదు. దాదాపు ప్రతి దేశమూ మొదట వరుస వేసుకుంది. ఆరోగ్య సిబ్బంది, ముసలివాళ్లు, జబ్బులున్నవాళ్లు, ఆ తర్వాత మిగతావాళ్లు. కోవిడ్‌తో చనిపోయే ప్రమాదం వయసుతోపాటు బాగా పెరుగుతుందని 2020లోనే స్పష్టంగా తెలిసింది కాబట్టి ఆ వరుసకి అర్థం ఉంది. భారతదేశంలో 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలై, మార్చి 1న 60 దాటినవాళ్లకీ, 45 దాటి జబ్బులున్నవాళ్లకీ, ఏప్రిల్ 1న 45 దాటిన అందరికీ, మే 1న 18 దాటిన అందరికీ తలుపులు తెరిచారు. అమెరికాలో ప్రతి రాష్ట్రం తన వరుస తాను వేసుకుంది, ఏప్రిల్ 19 కల్లా పెద్దవాళ్లందరూ అర్హులయ్యారు. ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా వరుస లోపల వచ్చింది. ఒక వర్గానికి తలుపు తెరిచిన క్షణం నుంచి ఆ వర్గంలో ఉన్న లక్షలమంది మధ్య పోటీ మొదలైంది.

"60 దాటినవాళ్లు" అంటే ఎవరెవరు? మొన్నే రిటైరై, కారు నడుపుకుంటూ తిరుగుతూ, కంప్యూటర్ తెలిసిన పిల్లలున్న మనిషి ఒకరు. 80 దాటి, ఒంటరిగా ఉంటూ, మాట్లాడడానికి తప్ప ఫోన్ దేనికీ వాడని మనిషి ఇంకొకరు. కాగితం మీద ఇద్దరిదీ ఒకటే వర్గం. టీకా అవసరం రెండోవారికి ఎక్కువ. స్లాట్ దొరికే అవకాశం మొదటివారికి ఎక్కువ. నేను వెతికిపెట్టినవాళ్లలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఆవిడ టీకా వద్దనలేదు, భయపడలేదు, ఎవరైనా పిలిస్తే వెళ్దామని కూర్చున్నారు. "నా వంతు వచ్చినప్పుడు వాళ్లే చెప్తారు కదమ్మా" అన్నారు నాతో. వాళ్లే చెప్పాలి. ఆవిడ అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు. అలా చెప్పే ఏర్పాటు లేకపోవడమే తప్పు.

వయసొకటే కాదు. ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నవాళ్లు ఫోన్ బయట పెట్టి లోపలికి పోవాలి. బస్సు నడిపేవాళ్లు స్లాట్లు పడే వేళకి స్టీరింగ్ మీద ఉంటారు. రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేసేవాళ్లకి, బడ్డీకొట్టు నడుపుకునేవాళ్లకి పది నిమిషాలు స్క్రీన్‌కి అతుక్కుని కూర్చోవడం కుదరదు. రోజూ పదిమంది మధ్య తిరిగేది వాళ్లే, వైరస్ ఎక్కువగా సోకేది వాళ్లకే. ఇంట్లో కూర్చుని పనిచేసే నాకు పేజీ రిఫ్రెష్ చేసే తీరిక ఉంది. జబ్బు వచ్చే అవకాశం తక్కువ ఉన్నవాళ్లకే టీకా దొరికే అవకాశం ఎక్కువ ఉండేలా ఒక పద్ధతిని కావాలని తయారుచేయమన్నా, ఇంతకన్నా బాగా చేయలేం.

భారతదేశంలో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 18 నుంచి 44 ఏళ్లవాళ్లు ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్‌లో ఆన్‌లైన్‌గా బుక్ చేసుకుంటేనే టీకా అని మొదట నియమం పెట్టారు. ఏప్రిల్ 28న రిజిస్ట్రేషన్ తెరిస్తే ఆ ఒక్కరోజే కోటిమందికి పైగా నమోదయ్యారు. స్లాట్లు మాత్రం కనబడితే క్షణాల్లో అయిపోయేవి. మే 31న ఇచ్చిన ఉత్తర్వులో కోర్టు సూటిగానే చెప్పింది: పూర్తిగా డిజిటల్ పోర్టల్ మీదే ఆధారపడితే ఆ వయసువాళ్లందరికీ టీకా అందించే లక్ష్యం నెరవేరదు, దాని దెబ్బ బడుగువర్గాల మీద పడుతుంది అని. ఒక ఫోన్ నంబరు మీద నలుగురు నమోదు కావచ్చు కదా, పల్లెల్లో ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే కామన్ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి కదా అన్నది ప్రభుత్వం వాదన. నమోదు కావడం ఒక ఎత్తు, స్లాట్ పట్టుకోవడం ఇంకో ఎత్తు. పేరు నమోదు ఎవరైనా చేయించిపెట్టగలరు. స్లాటు పడేదాకా ఎవరు కాపలా కాస్తారు? చూపు లేనివాళ్లకి క్యాప్చా (తెర మీది వంకర అక్షరాలు చూసి టైపు చేసే పరీక్ష) దాటే దారి లేదన్న విషయం కూడా ఆ ఉత్తర్వులో ఉంది. ఇవన్నీ ముందే ఆలోచించుకోవాల్సినవి. ఆ తీర్పుకి వారం ముందే, మే 24న, ప్రభుత్వ కేంద్రాల్లో ఆ వయసువాళ్లు నేరుగా వెళ్లి నమోదు చేయించుకునే వీలు కల్పించారు. మంచిపనే. అప్పటికే రెండో అల ఎంతమందిని తీసుకుపోయిందో తలుచుకుంటే బాధేస్తుంది.

డబ్బున్న దేశాల్లో ఇలా జరగలేదనుకోవద్దు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2021 ఫిబ్రవరి 18న 65 దాటినవాళ్లకి తలుపు తెరవగానే రాష్ట్రం సైటు కూలిపోయింది. అంతకుముందే అక్కడ ఒలీవియా ఆడమ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ప్రసూతి సెలవులో ఉండి, రకరకాల సైట్లలో చెల్లాచెదురుగా ఉన్న స్లాట్లన్నీ ఒకేచోట కనిపించేలా ఒక పేజీ తయారుచేసింది. న్యూయార్క్‌లో హ్యూజ్ మా అనే ఆయన ఖాళీ స్లాట్లు చూపించే టర్బోవ్యాక్స్ సైటు పెట్టారు. కాలిఫోర్నియాలో ప్యాట్రిక్ మెకంజీ మొదలుపెట్టిన వ్యాక్సినేట్‌సీఏ వలంటీర్లు మందుల షాపులకీ, ఆసుపత్రులకీ ఒక్కొక్కదానికే ఫోన్ చేసి "మీ దగ్గర టీకా ఉందా, ఎవరికి వేస్తున్నారు" అని అడిగి ఆ సమాచారం అందరికీ పెట్టారు. ఫ్రాన్స్‌లో గియోం రోజియే తన వీత్ మ దోజ్ సైటుతో ఖాళీ అపాయింట్‌మెంట్లను ఒకేచోట చూపించారు. భారతదేశంలో టెలిగ్రామ్ నిండా స్లాట్ అలర్టులే.

వాళ్లమీద నాకు ఎంతో గౌరవం. నిద్ర మానుకుని, ఎవరూ అడక్కుండానే చేశారు. ముఖ్యంగా ఫోన్లు చేసినవాళ్ల పని నాకు మిగతావాటికన్నా గొప్పగా కనబడుతుంది. ఎందుకంటే ఎక్కడా లేని సమాచారాన్ని వాళ్లు పుట్టించారు. ఏ షాపులో డోసులు మిగిలి ఉన్నాయో ప్రభుత్వానికే సరిగ్గా తెలియని రోజుల్లో అడిగి తెలుసుకున్నారు. దానివల్ల పక్కన పడి ఉన్న డోసు మనిషికి చేరింది.

అలర్టుల సంగతి కొంచెం వేరు. డోసులు మిగిలిపోతున్న చోట అలర్టు మేలు చేస్తుంది. ఎలాగూ క్షణాల్లో అయిపోయే చోట అది పోటీని ఇంకాస్త పెంచుతుందంతే. టెలిగ్రామ్ ఉన్నవాళ్లు లేనివాళ్లని దాటిపోతారు. తర్వాత బాట్ (మనిషి బదులు తనంతట తనే స్లాట్ పట్టే ప్రోగ్రాం) రాసుకున్నవాళ్లు టెలిగ్రామ్‌వాళ్లని దాటిపోతారు. ఇది తయారుచేసినవాళ్ల తప్పు కాదు. పందెం పెట్టినవాళ్లది. పత్రికలు ఈ యువకుల గురించి ఎంతో ఆప్యాయంగా రాశాయి, రాయాలి కూడా. అయితే ప్రతి కథనంలోనూ ఇంకో ప్రశ్న ఉండాల్సింది: జీతం తీసుకుని ఈ పని చేయాల్సినవాళ్లు ఎక్కడ?

నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించింది ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. వేరేవాళ్ల కోసం స్లాట్ బుక్ చేయాలంటే వాళ్ల పుట్టిన తేదీ కావాలి, గుర్తింపు కార్డు నంబరు కావాలి, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కావాలి, కొన్నిచోట్ల ఏ జబ్బుందో కూడా చెప్పాలి. ఎప్పుడూ చూడని మనుషులు నాకు అవన్నీ మెసేజ్‌లో పంపేశారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు సంవత్సరాలుగా మొత్తుకుంటుంటే, టీకా కోసం జనం దాన్ని ముక్కూమొహం తెలియనివాళ్లకి చదివి వినిపించారు. తమ షుగరు, తమ గుండె ఆపరేషను, తమ క్యాన్సరు గురించి నాకు చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రాణభయంలో ఉన్న మనిషి ఏదైనా ఇచ్చేస్తాడు. అలాంటి స్థితిలోకి జనాన్ని నెట్టడం ఎంత తప్పో ఆ మెసేజ్‌లు చూస్తున్నప్పుడు నాకు బాగా తెలిసింది. పని అవగానే అన్నీ తుడిచేసేదాన్ని. అందరూ అలా చేస్తారన్న నమ్మకం ఏముంది?

మరి ఇంకేం చేయాలి అంటారా? కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

టీకాతో సంబంధం లేకుండానే, వీసా కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్లని దళారులు బాట్లతో పట్టేసి అమ్ముకోవడం గురించి నలుగురు ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. రుస్తమ్‌జాన్ హకీమోవ్, డొరొతియా క్యూబ్లర్, మరో ఇద్దరు. 2021లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయింది. వాళ్లు చెప్పిన మందు చాలా సులువు. స్లాటుని ముందు నొక్కినవాళ్లకి ఇవ్వకండి. కొంత గడువు పెట్టి దరఖాస్తులు తీసుకోండి, గడువు అయ్యాక, స్లాట్లకన్నా ఎక్కువమంది ఉంటే లాటరీ తీయండి. అంతే. వేగానికి విలువ లేకుండా పోతుంది. బాట్ రాసి లాభం లేదు, అర్ధరాత్రి మేలుకుని లాభం లేదు.

టీకాకి దీన్ని ఎలా మలుచుకోవచ్చో చూద్దాం. వచ్చే వారానికి ఒక కేంద్రంలో 300 డోసులున్నాయనుకుందాం. శుక్రవారం సాయంత్రం దాకా ఎప్పుడైనా పేరివ్వచ్చు. ఆన్‌లైన్‌లోనో, ఫోన్ చేసో, కేంద్రానికి నడిచి వెళ్లో. సోమవారం పొద్దున ఇచ్చినా, శుక్రవారం నాలుగింటికి ఇచ్చినా ఒకటే. 2,000 మంది ఇచ్చారనుకోండి. వయసు ప్రకారం పైనుంచి తీసుకుంటూ వస్తారు, ఒకే వయసువాళ్ల మధ్య లాటరీ తీస్తారు. ఈ వారం వంతు రానివాళ్ల పేరు పోదు, మళ్లీ ఇవ్వక్కర్లేదు, వచ్చే వారం జాబితాలోకి తనంతట తనే చేరుతుంది. వంతు వచ్చినవాళ్లకి ఫోన్ వస్తుంది. మొదటి డోసు వేసిన చోటే రెండో డోసు తేదీ రాసిస్తారు. ఈ చివరి మాట ఎందుకంటున్నానంటే, 2021 మేలో రెండో డోసు గడువు దగ్గరపడుతుంటే మళ్లీ మొదటినుంచీ స్లాట్ల వేటలో పడ్డ పెద్దవాళ్లని చాలామందిని చూశాను. ఒకసారి గెలిచినవాళ్లని మళ్లీ పందెంలోకి తోయడం ఏం పద్ధతి?

ఇలాంటి జాబితా ఉంటే ఇంకో మేలు కూడా ఉంది. దొరకదేమో అన్న భయంతో జనం రెండుమూడు చోట్ల బుక్ చేసి, ఒకచోట వేయించుకుని, మిగతావి రద్దు చేయకుండా వదిలేసేవాళ్లు. వాళ్లని తిట్టి ప్రయోజనం లేదు, రేపేమవుతుందో తెలియనప్పుడు ఎవరైనా అలాగే చేస్తారు. ఒకే జాబితాలో తన వంతు ఎక్కడుందో కనబడితే ఆ టెన్షన్ ఉండదు.

మసాచుసెట్స్ చివరికి ఈ దారిలోకే వచ్చింది. మార్చిలో ముందస్తు నమోదు పెట్టి, పేరిచ్చి ఉంచండి, మీ వంతు రాగానే మేమే చెప్తాం అన్నారు. బ్రిటన్ మొదటినుంచీ చాలావరకు పిలుపు మీదే నడిపింది. 2020 డిసెంబర్ 8న కొవెంట్రీలో 90 ఏళ్ల మార్గరెట్ కీనన్‌కి తొలి టీకా వేశాక, సంరక్షణ గృహాల్లో ఉన్నవాళ్లు, 80 దాటినవాళ్లు, ఇలా తొమ్మిది వర్గాల వరుస పెట్టుకుని, ఇంటి డాక్టరు క్లినిక్ నుంచి ఫోనో మెసేజో, లేదంటే ఉత్తరమో పంపారు. అక్కడా బుకింగ్ సైటు ఉండేది, ఫోన్‌లో బుక్ చేసుకోవడానికి 119 నంబరూ ఉండేది. తేడా ఏమిటంటే చాలావరకు పిలుపు వచ్చాకే అక్కడికి వెళ్లాలి. ఫిబ్రవరి మధ్యకల్లా కోటిన్నర మందికి మొదటి డోసు పడింది. ప్రతి మనిషికీ ఒక క్లినిక్‌లో ఫైలు ఉండే దేశం కాబట్టి వాళ్లకి కుదిరింది, నిజమే. అయితే ఓటరు జాబితా లేని దేశం ఏది, పింఛను జాబితా లేని ప్రభుత్వం ఏది? ఎన్నికలప్పుడు ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసే వ్యవస్థకి, టీకా వేయాల్సి వచ్చేసరికి ఏమీ తెలియకుండా ఎలా పోతుంది?

దీనికి ఎదురువాదన ఒకటుంది, అది తేలిగ్గా తీసేసేది కాదు. న్యాయం కోసం వరుస గట్టిగా పట్టుకుంటే డోసులు వృథా అవుతాయి, ఆలస్యం అవుతుంది అని. న్యూయార్క్‌లో నిజంగానే ఇలా జరిగింది. వరుస తప్పి టీకా వేస్తే పది లక్షల డాలర్ల దాకా జరిమానా అని గవర్నర్ ఆండ్రూ క్యూమో బెదిరించారు. వారంలోగా డోసులు వాడకపోయినా జరిమానే అన్నారు. మధ్యలో నలిగినవాళ్లు, అర్హులు దొరక్క, కొన్ని డోసులు పారేశారని అప్పట్లో వార్తలొచ్చాయి. అప్పటి ఫైజర్ టీకా సీసాలో ఉప్పునీళ్లు కలిపాక 6 గంటల్లో వాడేయాల్సి వచ్చేది. సాయంత్రం ఇద్దరు రాకపోతే ఆ రెండు డోసులు చెత్తబుట్టలోకే. అది పాపం. ఎవరికి వేసినా పారేయడం కన్నా మేలే.

దీనికి జవాబు పరుగుపందెం మాత్రం కాదు. మిగిలినవాటి కోసం ఇంకో చిన్న జాబితా చాలు. కేంద్రానికి పది నిమిషాల దూరంలో ఉండి, ఏ వేళ పిలిచినా రాగలిగినవాళ్ల పేర్లు. దక్షిణ కొరియా 2021 మే చివర్లో మిగిలిన డోసుల్ని నేవర్, కకావో యాప్‌లలో చూపించడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్ మే 12 నుంచి, మర్నాటికి ఖాళీగా మిగిలిన అపాయింట్‌మెంట్లను 18 దాటిన ఎవరైనా తీసుకోవచ్చంది. సియాటిల్‌లో జనవరి 28 రాత్రి ఒక ఫ్రీజర్ పాడై, 1,600కు పైగా డోసులు తెల్లారేలోగా వాడాల్సి వస్తే, కబురు విన్నవాళ్లు అర్ధరాత్రి లేచి వచ్చి వరుసలో నిలబడ్డారు. అలాంటి రాత్రి వయసు అడిగి తిప్పి పంపాలని నేను అనను. మిగిలినదానికి వేగం సరైన కొలత. మొత్తం పంపకానికి అదే కొలత పెట్టొద్దంటున్నాను.

ఇంకొందరు అంటారు, జబ్బుందని అబద్ధం చెప్పి పైకి ఎక్కేవాళ్లుంటారు కదా అని. ఉంటారు. పరుగుపందెంలోనూ ఉన్నారు. అందుకే నేను వయసుకే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను. వయసుని ఏ కార్డు చూసినా తేల్చవచ్చు, డాక్టరు చీటీ కోసం ఇంకో వరుసలో నిలబడక్కర్లేదు.

ఇక మంచం దిగలేనివాళ్లు ఉన్నారు. వాళ్లకి ఏ స్లాటూ పనికిరాదు. భారతదేశం 2021 నవంబర్‌లో హర్ ఘర్ దస్తక్ పేరుతో ఇంటింటికీ వెళ్లింది. చేయగలరని తెలిసింది కదా. పల్స్ పోలియోలో ఏళ్లతరబడి పిల్లల కోసం తిరిగిన ఆరోగ్య కార్యకర్తలకి ఏ గడపలో ఎవరున్నారో ముందే తెలుసు. టీకాలు వచ్చిన మొదటి నెలలోనే వాళ్ల చేతికి కాగితం ఇచ్చి, కదల్లేనివాళ్లు ఎవరు, ఒంటరివాళ్లు ఎవరు, ఫోన్ లేనివాళ్లు ఎవరు అని రాసుకురమ్మని ఉంటే జాబితా సగం తయారయ్యేది. ఇంకో మహమ్మారి వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆ పేర్లు ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు, ఏడాదికోసారి సరిచూసుకోవచ్చు. వడగాడ్పులప్పుడూ వరదలప్పుడూ కూడా ముందు తలుపు తట్టాల్సింది ఆ ఇళ్లదే.